హైదరాబాద్‌లో ఇండీ కామిక్స్: గీసేవాళ్లున్నా తెలుగు పుస్తకాలు ఎందుకు తక్కువ?

క్లుప్తంగా: దేశంలో స్వతంత్ర కామిక్స్ పెరుగుతున్నాయి. హైదరాబాద్‌లో బొమ్మలు వేసేవారికీ, అచ్చు వేసే ప్రెస్సులకూ లోటు లేదు. అయినా ఇక్కడ తయారయ్యే వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే వస్తోంది. తెలుగులో వచ్చేవి తక్కువ, రెండో సంచిక దాకా వెళ్లేవి ఇంకా తక్కువ. అచ్చు ఖర్చు అందుకు అసలు కారణం కాదు. చిత్రకారుడి శ్రమకు డబ్బు చెల్లించే దారి లేదు. తెలుగు లిపిని బొమ్మలు పూర్తయ్యాకే తలుచుకుంటున్నారు. పుస్తకం ఏడాదికి ఒకటి రెండు ఉత్సవాల మీదే ఆధారపడుతోంది. ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా బిగిస్తున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇండీ అంటే ఏమిటి

హక్కులు సృష్టికర్త దగ్గరే ఉండి, నష్టం వస్తే అదీ సృష్టికర్తే భరించే పద్ధతిని ఇండీ అంటున్నారు. పుస్తకం చిన్నదా పెద్దదా, కథ గంభీరమైనదా కాదా అన్నవి ఇందులో లెక్కలోకి రావు.

పాత పద్ధతి దీనికి పూర్తిగా వేరు. 1964లో ఇంద్రజాల్ కామిక్స్, 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో అమర్ చిత్ర కథ, ఆ తర్వాత ఢిల్లీ నుంచి డైమండ్, రాజ్ కామిక్స్ వచ్చాయి. చవక కాగితం, పెద్ద సంఖ్యలో ప్రతులు, రైల్వే స్టాళ్లు, పేపరు దుకాణాలు, అద్దె పుస్తకాల షాపుల మీద ఆ వ్యాపారం నడిచింది. చిత్రకారుడికి పేజీకి ఇంతని ముట్టేది, పాత్ర మాత్రం సాధారణంగా సంస్థ సొత్తు. 1990లలో కేబుల్ టీవీ వచ్చి పిల్లల తీరిక సమయాన్ని తీసుకుపోవడంతో ఈ గొలుసు సన్నబడింది. 1990లోనే ఇంద్రజాల్ మూతపడింది.

ఆ ఖాళీలో వేరే రకం పుస్తకం పుట్టింది. నర్మదా లోయ పోరాటం మీద ఒరిజిత్ సేన్ వేసిన 'రివర్ ఆఫ్ స్టోరీస్' 1994లో కల్పవృక్ష్ అనే పర్యావరణ బృందం ద్వారా వచ్చింది. పదేళ్ల తర్వాత, 2004లో సారనాథ్ బెనర్జీ 'కారిడార్'ను పెంగ్విన్ వేసింది. 2011లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలతో నవయాన సంస్థ అంబేడ్కర్ జీవితంపై 'భీమాయన' తెచ్చింది. చదరపు గళ్లు లేకుండానే కామిక్ నడపవచ్చని చూపిన పుస్తకమది. అదే ఏడాది ఢిల్లీలో కామిక్స్ అభిమానుల ఉత్సవం కామిక్ కాన్ మొదటిసారి జరిగింది. 2013లో అది హైదరాబాద్‌కూ వచ్చింది.

తెలుగు చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. 1947లో మద్రాసు నుంచి మొదలైన 'చందమామ' బొమ్మల కథ మీద ప్రేమను ఇంటింటా పెంచింది. అయితే అక్కడ కథను అక్షరం నడిపింది, బొమ్మ పక్కన నిలిచింది. శంకర్ లాంటి చిత్రకారులు నెల జీతం మీద దశాబ్దాలు పనిచేశారు. గళ్లలో నడిచే కథ విషయంలో బుజ్జాయి 'డుంబు' లాంటి సొంత ప్రయత్నాలు ఉన్నా, తెలుగు పాఠకుడి చేతికి వచ్చినవి ఎక్కువగా అనువాదాలే. దాంతో తెలుగులో గళ్లు ఎలా విడదీయాలి, మాటల బుడగ ఎంత ఉండాలి, అక్షరం ఎలా రాయాలి అన్న చేతిపని ఒక తరం నుంచి మరో తరానికి అందే వీలు లేకపోయింది. నేటి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌కు ఉన్న బలం

గీసే చేతుల విషయంలో ఈ నగరానికి లోటు లేదు. 'ఛోటా భీమ్' తీసిన గ్రీన్ గోల్డ్ ఇక్కడిదే. సినిమా విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు, గేమ్ కంపెనీలు, మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), హైదరాబాద్ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూల్ ఏటా కొత్తవారిని తయారుచేస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' విధానం ప్రకటించింది. కేంద్రం వాడే ఏవీజీసీ (యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్) అన్న పేరులో చివరి 'సీ' కామిక్స్‌దే. 2025 మేలో ముంబయిలో జరిగిన వినోద రంగపు వేవ్స్ సదస్సులో కామిక్స్‌కు విడిగా పోటీ పెట్టారు.

పరికరాలు చవకయ్యాయి. తెర ఉన్న ట్యాబ్లెట్ ఒకటుంటే పెన్సిల్ నుంచి రంగుల దాకా ఒక్కరే పూర్తిచేయగలరు. డిజిటల్ ప్రెస్ 50 ప్రతులైనా వేసి ఇస్తుంది. డబ్బు యూపీఐలో వచ్చేస్తుంది. అంటే పుస్తకం పుట్టడానికి ఉన్న అడ్డంకులన్నీ దాదాపు తొలగాయి. దాన్ని నిలబెట్టే ఏర్పాటు మాత్రం రాలేదు.

32 పేజీల లెక్క

ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. క్రౌన్ 1/4 సైజు (సుమారు 7.5×10 అంగుళాలు), 32 రంగుల పేజీలు, కవరు, ధర 150 రూపాయలు. పెన్సిల్, ఇంకు, రంగు, అక్షరాలు అన్నీ కలిపి పేజీకి 2,000, కవరుకు 6,000 చొప్పున బొమ్మల ఖర్చు 70,000. వెయ్యి ప్రతులకు అచ్చు ప్రతికి 35 రూపాయలు పడితే 35,000. మొత్తం 1,05,000.

చేతికి చేయిగా పూర్తి ధరకు అమ్మితే 700 ప్రతుల దగ్గర పెట్టుబడి తిరిగొస్తుంది. స్టాలు అద్దె, ప్రయాణం ఇందులో చేర్చలేదు. షాపు ద్వారా వెళ్తే ధరలో 40 శాతం కోత అనుకుందాం, అప్పుడు చేతికొచ్చేది 90. పెట్టుబడి రావాలంటే 1,167 ప్రతులు అమ్ముడవ్వాలి. వేసినవే వెయ్యి. చివరి ప్రతి దాకా అమ్మినా నష్టమే. 500 ప్రతులే వేస్తే ప్రతి ఒక్కదాని అచ్చు ఖర్చు 50 దాకా పెరుగుతుందనుకుంటే పరిస్థితి ఇంకా ఇబ్బంది: బొమ్మలతో కలిపి ప్రతికి 190 పడుతుంది, ధర కంటే 40 ఎక్కువ.

మరి ఇన్ని పుస్తకాలు ఎలా వస్తున్నాయి? ఆ 70,000 ఎవరూ చెల్లించడం లేదు కాబట్టి వస్తున్నాయి. చిత్రకారుడు పగలు స్టూడియోలో ఉద్యోగం చేసి రాత్రి తన పుస్తకం గీస్తాడు. పేజీకి 16 గంటల పని, రోజుకు రెండు గంటల తీరిక అనుకుంటే ఒక పేజీకి 8 రాత్రులు, 32 పేజీలకు 256 రాత్రులు. ఎనిమిదిన్నర నెలలు ఒక్క రాత్రి కూడా తప్పకుండా గీస్తేనే ఈ లెక్క. స్టూడియోలో ఒక సినిమా గడువు దగ్గరపడితే నెలలు జారిపోతాయి. మొదటి సంచిక ఉత్సాహంతో పూర్తవుతుంది. రెండోది ఆగిపోవడానికి బద్ధకాన్ని తప్పుపట్టడం అన్యాయం, ఈ లెక్కే దాన్ని ఆపుతోంది.

పన్ను సంగతీ ఇందులో ఉంది. అచ్చు పుస్తకంపై జీఎస్టీ లేదు. పాఠకుడికి అది మేలు. కానీ కాగితం మీద, ప్రెస్ బిల్లు మీద పన్ను పడుతుంది. అమ్మే వస్తువుకు మినహాయింపు ఉన్నందున కట్టిన ఆ పన్నును తిరిగి సర్దుకునే వీలు ప్రచురణకర్తకు ఉండదు. కాబట్టి ప్రెస్ కొటేషన్ తీసుకునేటప్పుడు పన్నుతో కలిపిన అంకెనే ధర లెక్కలో వాడాలి.

ప్రెస్ దగ్గర ఎక్కడ తప్పుతుంది

పుస్తకం సైజును కాగితం నుంచి నిర్ణయించుకోవాలి. 20×30 అంగుళాల షీటును మడిస్తే క్రౌన్ 1/4లో 16 పేజీల ఫారం (ఒక షీటు మీద అచ్చయ్యే పేజీల కట్ట) వస్తుంది. 32 పేజీలంటే ప్రతికి రెండు షీట్లు, వెయ్యి ప్రతులకు 2,000 షీట్లు, అంటే 500 షీట్ల రీములు నాలుగు. రంగులు కుదిరేదాకా పోయే కాగితం దీనికి అదనం, ఫారానికి వంద నుంచి రెండు వందల షీట్లు పోవచ్చు. ప్రతులు 200 అయినా 2,000 అయినా ఈ వృథా, ప్లేట్ల (రంగుకొకటి చొప్పున చేసే అచ్చు రేకుల) ఖర్చు దాదాపు ఒకటే. అందుకే మూడు నాలుగు వందల ప్రతుల లోపు డిజిటల్, ఆపైన ప్లేట్లతో అచ్చు వేసే ఆఫ్‌సెట్ కిట్టుబాటుగా ఉంటుంది. అమెరికన్ కామిక్ కొలత 6.625×10.25 అంగుళాలు. అదే కావాలని పట్టుబడితే మన షీటులో అంచుల దగ్గర చాలా కాగితం కత్తిరింపులోనే పోతుంది.

మడత మధ్యలో పిన్ను కొట్టే సెంటర్ పిన్ పుస్తకంలో పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 30 పేజీల కథ తెస్తే రెండు పేజీలు ఏదో ఒకదానితో నింపక తప్పదు. పేజీలు 48 దాటితే లోపలి కాగితాలు బయటికి తోసుకొస్తాయి, కత్తిరించినప్పుడు మధ్య పేజీల అంచు బొమ్మ తెగుతుంది. వెన్నుకు గమ్ము పెట్టి అతికించే పర్ఫెక్ట్ బైండింగ్‌కు వెళ్తే లోపలి అంచున 15 మిల్లీమీటర్ల దాకా మాటలేవీ లేకుండా వదలాలి, లేకపోతే బుడగ సగం గమ్ములోకి పోతుంది. రెండు పేజీల మీద పరిచిన బొమ్మలో ముఖం సరిగ్గా మధ్యగీత మీద పడకుండా చూసుకోవాలి. బయటి అంచున 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపు గీత దాటి అదనంగా గీసే బొమ్మ) తప్పనిసరి.

రంగుల్లో ఎక్కువగా నిరాశపరిచేది నీలం, ఊదా. తెర మీద మెరిసే ఊదా రంగు అచ్చుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతి సీఎంవైకేలోకి మారగానే మసకబారుతుంది. రాత్రి దృశ్యాల్లో నాలుగు రంగులూ నిండుగా వేసి నలుపు తెస్తే ఇంకు మొత్తం 300 శాతం దాటి షీటు త్వరగా ఆరదు, వెనకపేజీకి అంటుకుంటుంది. పూత లేని మ్యాప్‌లిథో కాగితం ఇంకును పీల్చుకుంటుంది కాబట్టి బొమ్మను ముందే కొంచెం తేలిక చేసుకోవాలి. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద రంగు నిలుస్తుంది గాని ట్యూబ్‌లైటు కింద చదివితే మెరుస్తుంది. రంగు బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) సరిపోతుంది. నలుపు గీతలకు, అక్షరాలకు అది చాలదు, 600 పైన ఉంటేనే అంచులు తేటగా వస్తాయి. డబ్బు మిగుల్చుకోవాలని ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతి) మానేసిన చోటే ఈ తప్పులన్నీ వెయ్యి ప్రతుల్లో అచ్చవుతాయి.

తెలుగు అక్షరం బుడగలో ఎందుకు ఇమడదు

చాలా పుస్తకాలు ఇంగ్లిష్‌లో రాసి, గీసి, ఆఖరున తెలుగు చేద్దామని మొదలవుతాయి. అప్పటికే బుడగలు ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల కొలతకు గీసి ఉంటాయి. ఆ అక్షరాలన్నీ ఒకే ఎత్తు, వరుసల మధ్య ఖాళీ దాదాపు అక్కర్లేదు. తెలుగులో గుడి, ఏత్వం పైకి వెళ్తాయి, వత్తు కిందికి దిగుతుంది. వరుసలు దగ్గర చేస్తే పై వరుస వత్తు, కింది వరుస గుడి గుద్దుకుంటాయి. 10 పాయింట్ల అక్షరానికి వరుస దూరం 14 నుంచి 15 పాయింట్లు ఉండాలి. ఇంగ్లిష్‌లో నాలుగు వరుసలు పట్టిన బుడగలో తెలుగు మూడే పడతాయి.

పైగా తెలుగు పదాలు అతుక్కుని పొడవవుతాయి. 'వెళ్లిపోతున్నాడనుకున్నాను' అన్నది ఒకే పదం, సన్నని బుడగలో అది ఒక వరుసలో పట్టదు, మధ్యలో విరిస్తే చదువరి తడబడతాడు. బుడగ వెడల్పు పెంచడం ఒక దారి, మాట తగ్గించడం మరో దారి, రెండోదే మంచిది. తెలుగు క్రియలోనే ఎవరు చేశారో ఉంటుంది. 'నేను అక్కడికి వెళ్లి వచ్చాను' అన్నచోట 'వెళ్లొచ్చా' చాలు. సంభాషణ మొదటి నుంచీ తెలుగులోనే, హైదరాబాద్ పాత్రయితే ఆ యాసలోనే రాసుకుంటే ఈ పొదుపు దానంతట అదే వస్తుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని తిప్పినప్పుడు రాదు.

ఫాంట్ల విషయంలో మార్గం సుగమమైంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, లక్కిరెడ్డి వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, వ్యాపార పుస్తకంలోనూ వాడుకోవచ్చు. మాటకు మండలి తేటగా ఉంటుంది. అరుపుకు రామభద్ర బరువు పనికొస్తుంది, అయితే చిన్న సైజులో దాని సున్నాలు పూడుకుపోతాయి. చేతిరాత తీరున్న లక్కిరెడ్డి పేర్లకూ శీర్షికలకూ బాగుంటుంది. మాటల బుడగలకే గీసిన తెలుగు చేతిరాత ఫాంట్ల కొరత మాత్రం ఇంకా ఉంది. యువ ఫాంట్ రూపకర్తలు చేపట్టదగిన పని ఇది.

సాఫ్ట్‌వేర్‌లో తెలియక పడే గొయ్యి ఒకటుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్, పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. కొన్ని డ్రాయింగ్ యాప్‌లలో ఆ సౌకర్యమే ఉండదు. బొమ్మ అక్కడ పూర్తిచేసి, అక్షరాలు వేరేచోట వేసుకోవాలి. డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు నడుస్తున్నాయి. అందులో కొట్టిన మాటను యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు, పొల్లులు తారుమారవుతాయి కాబట్టి మార్చాక అక్షరం అక్షరం చూడాల్సిందే. ప్రెస్‌కు ఇచ్చే ఫైలులో అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చాలి, మార్చని ప్రతిని విడిగా దాచుకోవాలి.

చప్పుళ్ల సంగతికొస్తే తెలుగుకు ఉన్న సంపద చాలా పెద్దది. ధడేల్, ఫెళఫెళ, టపటప, గలగల, చర్రున, ధబీమని: వీటిని బొమ్మలో భాగంగా చేత్తో రాస్తే పేజీకి ప్రాణం వస్తుంది. ఇంగ్లిష్ చప్పుళ్లు రంగుతో కలిపి గీసేసిన పేజీలో మాత్రం తెలుగు కూర్పు వచ్చినా ఆ అక్షరాలు అలాగే మిగిలిపోతాయి. చప్పుళ్లను మొదటి నుంచీ వేరే లేయర్‌లో ఉంచుకోవాలి.

రెండు భాషలు, ఒకే ముద్రణ

ఖర్చు లెక్కకూ, లిపి సమస్యకూ కలిపి పనికొచ్చే పద్ధతి ఒకటుంది, ఇక్కడ అది వాడుకలోకి వస్తే చాలా మేలు. 20×30 షీటు పట్టే నాలుగు రంగుల యంత్రం మీద 32 పేజీలకు రెండు ఫారాలు, రెండు వైపులు, నాలుగు రంగులు కలిపి 16 ప్లేట్లు. మాటలన్నీ తెల్లని బుడగలో నూటికి నూరు శాతం నలుపుతో మాత్రమే ఉంటే, ఇంగ్లిష్ ప్రతులు పూర్తికాగానే యంత్రం ఆపి నలుపు ప్లేటు ఒక్కటి మార్చి తెలుగు ప్రతులు వేయవచ్చు. అదనంగా కావలసినవి నాలుగు ప్లేట్లే, కవరుకు మరొకటి. 500 ఇంగ్లిష్, 500 తెలుగు ప్రతులకు వెయ్యి ప్రతుల ధరే దాదాపుగా వర్తిస్తుంది.

ఇందుకు షరతులున్నాయి. బుడగలు తెలుగు కొలతకే గీయాలి, ఇంగ్లిష్ వాటిలో సులువుగా సరిపోతుంది. రంగు నేపథ్యం మీద తెల్లని అక్షరాలు ఉండకూడదు, ఎందుకంటే అవి నాలుగు ప్లేట్లలోనూ కోత కోరతాయి. చప్పుళ్లు కూడా నలుపులోనే ఉండాలి. అంటే భాష గురించిన నిర్ణయం స్క్రిప్టు దశలోనే జరగాలి.

పాఠకుడి దాకా

ఇప్పటి అమ్మకాలు ఎక్కువగా ఉత్సవం బల్ల మీదే. చదివేవాడు ఎదురుగా నిలబడతాడు, పేజీలు తిప్పి చూస్తాడు, షాపు కోత ఉండదు. నష్టం ఏమిటంటే, కామిక్ కాన్‌కు వచ్చేవారిలో చాలామంది బొమ్మల వస్తువులకూ, వేషాలకూ, సినిమా ఆకర్షణలకూ వస్తారు, ఇంగ్లిష్‌లో చదువుతారు. తెలుగు చదువరి డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు వస్తాడు. మొదటి చోట కామిక్ ఉంది, తెలుగు తక్కువ. రెండో చోట తెలుగు ఉంది, కామిక్ తక్కువ. ఒక్క బృందానికి స్టాలు అద్దె భారమైతే నలుగురు కలిసి ఒకటి తీసుకోవడం తేలిక.

తపాలా ఇటీవల మారింది. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయింది, 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పైన చెప్పిన పుస్తకం 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) లోపలి కాగితం, 220 జీఎస్ఎం కవరుతో దాదాపు 90 గ్రాములు తూగుతుంది. మూలలు నలగకుండా అట్ట పెట్టినా రెండు ప్రతులు మొదటి శ్లాబులోనే పడతాయి. అయితే ప్రకటనలున్నవి, పత్రికల్లా నియమిత కాలానికి వచ్చేవి, వాణిజ్య ప్రచురణలు ఇందులో చెల్లవు. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుడి పేరు ఉండాలి. ఖర్చుకని వెనక కవరు మీద ప్రకటన అమ్ముకున్న కామిక్‌కు ఈ రేటు దక్కదు. కామిక్‌ను విజ్ఞాన పుస్తకంగా తీసుకుంటారా అన్నది కూడా పోస్టాఫీసులో ముందే అడిగి తెలుసుకోవాలి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఉత్సవం తేదీకి వారం ముందు పెడితే అందకపోవచ్చు.

ముందస్తు చందా విషయంలో తమిళనాడును చూడాలి. శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి. యూరోపియన్ కామిక్స్‌ను తమిళంలోకి తెస్తూ, చందాదారుల మీదా ముందస్తు బుకింగుల మీదా ఆధారపడి నేటికీ నడుస్తున్నాయి. అవి ఇండీ కావు, అనువాదాలు. కానీ ఎన్ని ప్రతులు కావాలో అచ్చుకు ముందే తెలియడం ఎంత బలమో అక్కడ కనిపిస్తుంది. జనం నుంచి ముందే డబ్బు సేకరించే వేదిక కిక్‌స్టార్టర్ భారతదేశంలో ఉండేవారికి ప్రాజెక్టు పెట్టే అవకాశం ఇవ్వదు కాబట్టి, ఆ పనిని ఇక్కడివారు దేశీయ వేదికల మీదో, నేరుగా యూపీఐ ముందస్తు చెల్లింపులతోనో చేసుకోవాలి. వంద మంది 600 రూపాయలు కట్టి నాలుగు సంచికలకు చందాదారులైతే 60,000 చేతికొస్తుంది. మొదటి సంచిక బొమ్మల ఖర్చులో అది చాలా భాగం. అందుకు ప్రతిగా తేదీకి సంచిక అందించాలి. కనీసం రెండు సంచికల బొమ్మలు పూర్తయ్యాకే చందా తెరవడం క్షేమం.

రాసుకోవాల్సిన కాగితం

స్నేహితులు కలిసి చేసే పుస్తకాల్లో రచయిత, చిత్రకారుడి మధ్య ఒప్పందం ఉండదు. పాత్రను ఎవరైనా యానిమేషన్‌కు అడిగినప్పుడు గొడవ మొదలవుతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని భావిస్తారు. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేకుంటే, బదిలీ రద్దవుతుంది. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రపటానికి యజమాని ఎవరన్న దానిపై అదే చట్టంలో విడి నిబంధన ఉంది, అది కామిక్ పేజీకి ఎంతవరకు వర్తిస్తుందన్న వాదన రాకుండా ఉండాలంటే ఒక పేజీ ఒప్పందం చాలు. పాత్ర ఎవరిది, పునర్ముద్రణలో వాటా ఎంత, ఇతర భాషల హక్కు ఎవరిది అన్న మూడూ అందులో ఉండాలి.

ముందు ఏం జరగవచ్చు

ఫోన్‌లో కిందికి జరుపుతూ చదివే పద్ధతి పెరుగుతోంది. 2019 చివర్లో భారత్‌కు వచ్చిన క్రాస్ కామిక్స్ యాప్ కొరియా కథలను ఇంగ్లిష్, హిందీతో పాటు తెలుగులోనూ ఇచ్చింది. తెలుగుకు చదువరులు ఉంటారని బయటి సంస్థ లెక్కవేసిందంటే గమనించదగిన విషయమే. నిలువు కథలో బుడగకు చోటు కావలసినంత ఉంటుంది, తెలుగు లిపికి అది అనుకూలం. కానీ అలా గీసినదాన్ని తర్వాత పుస్తకంగా వేయాలంటే గళ్లన్నీ మళ్లీ పేర్చాలి. ఆ ఆలోచన ఉంటే ప్రతి గడినీ అచ్చు కొలతలో, 300 డీపీఐలో గీసి, ఫోన్‌కు తగ్గించి పెట్టుకోవాలి.

రాబోయే రెండు మూడేళ్లలో ఇంగ్లిష్ పుస్తకాల సంఖ్య ఉత్సవాలతో పాటు పెరుగుతూనే ఉండవచ్చు. స్టూడియోల్లో పని తగ్గితే గీసేవారికి సమయం, పెరిగితే డబ్బు దొరుకుతాయి, రెండూ ఒకేసారి దొరకడం కష్టం. తెలుగు విషయంలో ఎన్ని మొదటి సంచికలు వచ్చాయో లెక్కపెడితే అసలు స్థితి తెలియదు. అదే బృందం నుంచి, అదే పాత్రతో, చెప్పిన తేదీకి మూడో సంచిక వచ్చిందా అన్నదే చూడాలి.